ఇంకొంచెం వెనక్కి

తవిటినాయుడు తీసిన ఆఖరి ఫోటో చాలా బాగా వచ్చింది. ఈ మాట అతని భార్య అన్నది కాదు. శాఖాపరమైన విచారణ నివేదికలో రెండో పేజీలో ఉంది.

కొత్త కాలువకి నీళ్ళు వదిలిన రోజున తొమ్మిదిమంది అధికారులు లాకుల పక్కన కట్టిన సిమెంటు అరుగు మీద వరసగా నిలబడ్డారు. జిల్లా ప్రచార శాఖలో ఇరవై రెండేళ్ళుగా ఫోటోగ్రాఫరుగా ఉన్న తవిటినాయుడు ఆ తొమ్మిదిమందినీ ఒక్క ఫ్రేములో ఇమిడ్చడానికి కొంచెం వెనక్కి జరిగాడు. ఇంకొంచెం జరిగాడు. ఆ తర్వాత జరగడానికి అరుగు లేదు. కింద కాలువలో నీళ్ళు ఇంకా చీలమండ దాటలేదు, ఉన్నదంతా కొత్త సిమెంటే. మనిషి దక్కలేదు గాని కెమెరాలో కార్డు దక్కింది.

విచారణాధికారిగా శాఖ ఉపసంచాలకులు పరాంకుశం గారినే వేశారు. సంఘటన జరిగినప్పుడు ఆయన ఎదురుగానే ఉన్నారు గనక ఆయనకంటే బాగా తెలిసినవాళ్ళు ఇంకెవరుంటారని పైవాళ్ళ ఉద్దేశం. ఆయన మూడు నెలలు శ్రమించి, ఫోటోలో అధికారులందరూ పూర్తిగా పడ్డారనీ, ఎవరి కాళ్ళూ తెగలేదనీ, అరుగు అంచు ఫోటోగ్రాఫరుకి వెనకవైపున ఉన్నందున దాన్ని ఎవరూ గమనించే అవకాశం లేదనీ తేల్చారు. ప్రమాదానికి ఛాయాచిత్ర సాక్ష్యం లేదని కూడా రాశారు. ఆ సమయంలో ఫోటోగ్రాఫరు వేరే పనిలో ఉన్నాడు కదా మరి. ఆ ఫోటోని ఆరడుగుల వెడల్పున వేయించి శాఖ సమావేశ మందిరంలో తగిలించారు. అందులో నల్ల కళ్ళజోడు పెట్టుకుని, కుడిచెయ్యి పైకెత్తి ప్రజలకు అభివాదం చేస్తున్న పరాంకుశం గారు భలే హుందాగా ఉన్నారని అందరూ అన్నారు.

తవిటినాయుడి ఇంట్లో మాత్రం తవిటినాయుడి ఫోటో ఒక్కటీ లేదు. పెళ్ళినాటివి తుఫానులో నానిపోయాయి. ఆ తర్వాత తీసిన ఏ ఫోటోలోనూ అతను లేడు, అన్నీ అతనే తీశాడు గనక. జిల్లాలో దండేసిన ఫోటోల్లో సగం తన చేత్తో తీసిన మనిషికి, పెద్దకర్మ నాడు దండెయ్యడానికి గుర్తింపు కార్డు మీది బొమ్మే గతి అయింది. దాన్ని పెద్దది చేయిస్తే దాని మీదున్న శాఖవారి గుండ్రముద్ర కూడా పెద్దదయింది. ముక్కూ ఒక కన్నూ ముద్ర కింద పోయాయి. భార్య సన్యాసమ్మ రోజూ దీపం పెట్టి దండం పెట్టుకుంటుంటే ఆ ముద్రకే పెడుతున్నట్టుండేది. ఏడుపు కూడా సరిగ్గా వచ్చేది కాదు.

సన్యాసమ్మ ఇంటి దగ్గర జాకెట్లు కుట్టేది. ఇద్దరు ఆడపిల్లల చదువు, ఇంటి అద్దె జాకెట్ల మీద గడిచేవి కావు. అందుకని కారుణ్య నియామకం కింద అర్జీ పెట్టుకుంది. తిరగ్గా తిరగ్గా చెప్పులు అరిగాయి గాని ఉత్తర్వు వచ్చింది.

"సదరు సన్యాసమ్మను, ఆమె భర్త నిర్వహించిన పోస్టు నందే, ఆరు మాసముల లోపు ఛాయాచిత్ర ప్రాథమిక పరీక్ష యందు ఉత్తీర్ణురాలు కావలెనను షరతుకు లోబడి తాత్కాలికముగా నియమించడమైనది. కాని యెడల పోస్టు రద్దగును."

పరీక్ష అంటే ఒక్కటే ఫోటో. ఆనాడు అరుగు మీద నిలబడ్డ తొమ్మిదిమందే శాఖ ప్రమాణాల కమిటీ. వాళ్ళందరినీ కలిపి ఒక గ్రూపు ఫోటో తియ్యాలి. ఆ ఫోటో బాగుందో లేదో ఆ తొమ్మిదిమందే చెబుతారు. అవకాశాలు మూడు. సన్యాసమ్మ అంతవరకు కెమెరాని ముట్టుకున్నది భర్త దాన్ని మంచం మీద మరిచిపోతే తీసి బీరువాలో పెట్టడానికి మాత్రమే.

చదువు చెప్పడానికి బెహరా మాస్టారుని పెట్టారు. డెబ్భై ఏళ్ళ మనిషి, సంతబజారులో నలభై ఏళ్ళు స్టూడియో నడిపి మూసేసినవాడు. ఫోటోలు చేత్తో దిద్దే రోజులనాటి భూతద్దం ఒకటి ఇప్పటికీ ఆయన చొక్కా జేబులో ఉండేది. మొదటి రోజున కెమెరా కటకం తిప్పి చూపిస్తూ అన్నాడు:

"ఈ నెంబరు పెరిగేకొద్దీ లోపలి కన్నం చిన్నదవుతాదమ్మా. అందరూ ఇక్కడే తికమకపడతారు."

"ఇందులో తికమకేటండీ మాస్టారూ? చేతికుట్టు సూది నెంబరు పెరిగితే సూది సన్నబడదేటి?"

బెహరా మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నలభై ఏళ్ళలో తన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళలో ఒక్కడికీ ఈ ముక్క ఇంత తొందరగా ఎక్కలేదు.

ఆమె బేగి నేర్చుకుంది. కన్నం పెద్దదైతే వెలుగు ఎక్కువ వస్తుంది, కాని ఒక్కరే స్పష్టంగా పడతారు, వెనకవాళ్ళు పలచబడతారు. చిన్నదైతే అందరూ పడతారు, కాని వెలుగు చాలదు. "ముందు వెలుగెటునుంచి వస్తన్నాదో సూడమ్మా, ఆ తర్వాతే మనిషిని సూడు" అనేవాడు మాస్టారు. ఆమె కిటికీ దగ్గర గుండీల డబ్బా పెట్టి తీసింది. పక్కింటావిడ బియ్యం చెరుగుతుంటే చేట మీంచి లేచిన తవుడు తీసింది. ఫోటోలో ఆ తవుడు ఎండకి మెరిసింది. భర్త పోయాక ఆమెకి సంతోషం కలగడం అదే మొదలు, కలిగినందుకు సిగ్గేసింది కూడా. ఇరవై రెండేళ్ళు ఆ మనిషి ఏం చూస్తూ బతికాడో ఇప్పుడు తెలుస్తోంది, అడుగుదామంటే లేడు.

రెండో నెలలో మొదటి పరీక్ష. కమిటీవారు ముందు వరసలో అయిదుగురు కుర్చీల్లో కూర్చున్నారు, వెనక నలుగురు నిలబడ్డారు. ఆ రోజు మబ్బు పట్టి వెలుగు తక్కువగా ఉంది. సన్యాసమ్మ కన్నం పెద్దది చేసి తీసింది. ముందు వరస మీసాల వెంట్రుకలతో సహా వచ్చింది. వెనక వరస కొంచెం పలచబడింది. వెనక వరసలో పొడుగు కారణంగా పరాంకుశం గారు నిలబడి ఉన్నారు.

ఆయన ఫోటోని చేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు.

"నన్ను మసక చేశారు" అన్నారు.

"అది తప్పు కాదండీ, కటకం లక్షణం" అన్నాడు బెహరా మాస్టారు.

"కటకం ఎవరి ఆధీనంలో ఉంది? శాఖ ఆధీనంలో. శాఖ ఆస్తి, శాఖ అధికారిని మసక చేయడమా?"

మర్నాడే మెమో వచ్చింది. ఏ అధికారినైనను ముందస్తు నోటీసు ఇచ్చి సంజాయిషీ కోరకుండా అస్పష్టపరచరాదు. కింది స్థాయి సిబ్బందిని అవసరం మేరకు అస్పష్టపరచవచ్చును.

రెండో పరీక్షకి సన్యాసమ్మ మంచి వెలుగు చూసుకుని, కన్నం సన్నంగా పెట్టింది. తొమ్మిదిమందీ కడిగిన ముత్యాల్లా పడ్డారు. ఈసారి గండం గట్టెక్కిందనుకుంది. ఫోటో కమిటీ ముందుకి వెళ్ళింది. పరాంకుశం గారు జేబులోంచి స్కేలు తీశారు.

"ముందు వరసలో కూర్చున్న మా సూపరింటెండెంటు భాగ్యవతి గారి తల ఒకటింబావు అంగుళం. నాది అంగుళం. ఆవిడ నాకంటే రెండు హోదాలు కింద. దీనికి మీ సమాధానం?"

"దూరంగా ఉన్నది సిన్నగా కనిపిస్తాది బాబూ" అంది సన్యాసమ్మ.

"ఈ పద్ధతి మన శాఖలో ఎప్పటినుంచి అమల్లో ఉంది?"

"ఇది ప్రకృతి అండీ" అన్నాడు మాస్టారు.

"అదే అడుగుతున్నాను. ఏ ఉత్తర్వు ప్రకారం?"

మాస్టారు దగ్గర ఉత్తర్వు కాపీ లేదు. భాగ్యవతి గారు, పాపం, తన తల అంత పెద్దదిగా వచ్చినందుకు లిఖితపూర్వకంగా క్షమాపణ చెప్పుకున్నారు. రెండో అవకాశం కూడా పోయింది.

తర్వాత వచ్చిన ఉత్తర్వుతో ప్రకృతి సవరణ జరిగింది. ఇకమీదట ఛాయాచిత్రముల యందు మనుషుల పరిమాణము హోదాను అనుసరించి ఉండవలెను. అది సాధించాలంటే హోదా తక్కువైనవాళ్ళని దూరంగా నిలబెట్టడం తప్ప దారిలేదు. గుమస్తాలు ముప్ఫై అడుగులు, అటెండర్లు అరవై, లబ్ధిదారులు నూట ఇరవై అని పట్టిక తయారుచేసి గోడకి అంటించారు.

ఆ వారంలోనే కుట్టుమిషన్ల పంపిణీ జరిగింది. శిక్షణలో భాగంగా ఫోటో సన్యాసమ్మే తియ్యాలి. నూట ఇరవై అడుగులు కొలిస్తే మిషను తీసుకోవలసిన ఆవిడ రోడ్డుకి అవతల, టీకొట్టు పక్కన తేలింది. పరాంకుశం గారు ఇవతల వేదిక మీంచి రెండు చేతులూ చాపారు. ఆవిడ అవతల్నుంచి రెండు చేతులూ చాపింది. మిషను ఎవరి దగ్గర ఉండాలో పట్టికలో లేకపోవడంతో దాన్ని రోడ్డు మధ్యలో పెట్టారు. రెండు వైపులా లారీలు ఆగిపోయి హారన్లు కొడుతున్నాయి.

"నవ్వమ్మా!" అని గుమస్తా అరిచాడు.

"నవ్వుతాను గాని, మిషను ఇస్తారా నేదా బాబూ?" అని ఆవిడ అవతల్నుంచి అరిచింది.

ఫోటోలో పరాంకుశం గారు కొండంత ఉన్నారు, ఆవిడ చీమంత ఉంది. నిబంధనలు తు.చ. తప్పకుండా పాటించినందుకు ఆ ఫోటోకి పైనుంచి ప్రశంస వచ్చింది. మిషను మాత్రం సాయంత్రానికి తిరిగి గోదాములోకి చేరింది. రోడ్డు మీద అడ్డంగా దొరికిన వస్తువు కింద నమోదు చేసుకున్నారు. సన్యాసమ్మకి ఆ రాత్రి అన్నం సయించలేదు. మిషను లేని దర్జీ బతుకంటే ఏమిటో ఆమెకి తెలుసు.

ఇంతలో తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన మాస్టారి పాఠాలు కూడా చూశాడు. మనిషిని ఫ్రేము మధ్యలో కాకుండా మూడోవంతు దగ్గర పెడితే అందంగా ఉంటుందని ఒక పాఠం. "అంటే మిగతా రెండు వంతుల స్థలం నిరుపయోగంగా ఉంచుతున్నారన్న మాట" అని రాసి పారేశాడు. అప్పటినుంచి ఫోటోలో ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ ఫ్లెక్సీలు, పూలకుండీలు, అవి చాలకపోతే ఫైళ్ళ బీరువాలు పెట్టించారు.

ఆ తర్వాత వంతు నీడలది. ఒక సమీక్షలో ఎవరిదో సగం మొహం నీడలో పడింది. సూర్యుడు ఎల్లవేళలా ఫోటోగ్రాఫరు వెనకే ఉండవలెనని ఆదేశించారు. సూర్యుడు ఒప్పుకున్నాడు గాని, ఎదురెండకి అధికారుల కళ్ళు చికిలించుకుపోయాయి. కళ్ళు మూసిన అధికారులు పనిచేస్తున్నట్టు కనిపించరు. అందుకని ప్రమాణాల కమిటీ మొత్తానికి పరాంకుశం గారి కళ్ళజోడులాంటివే నల్ల కళ్ళజోళ్ళు తెప్పించారు. అదివరకు ఆయన ఒక్కరే పెట్టుకునేవారు.

ఆరో నెల ఆఖరి వారం వచ్చింది. పోస్టు ఉంటుందో ఊడుతుందో తేలేది ఆ ఒక్క ఫోటోతోనే. బెహరా మాస్టారు తన పాఠాల పుస్తకం మూసేశాడు.

"అమ్మా, నాకు తెలిసిన ఫోటోగ్రఫీలో ఈళ్ళు ఇంకా నిషేధించనిది బటన్ నొక్కడం ఒక్కటే. ఇంక నీకు నేర్పడానికేటీ నేదు."

"మీరేటి దిగులు పడకండి మాస్టారూ. కొలతల పనే కదా" అంది సన్యాసమ్మ.

పరీక్షనాడు ఆమె కెమెరాతో పాటు మెడలో కుట్టుపని టేపు కూడా వేసుకుని వచ్చింది. వరస తిన్నగా ఉంటే చివర్లవాళ్ళు కెమెరాకి దూరమై చిన్నగా పడతారు. అందుకని తను నిలబడ్డ చోటునుంచి టేపుతో పన్నెండేసి అడుగులు కొలిచి, తొమ్మిదిమందినీ చంద్రవంక లాగా నిలబెట్టింది. ఎవరూ ముందు కాదు, ఎవరూ వెనక కాదు. సూర్యుడు ఆమె వెనక. తలల పైనున్న ఖాళీ నిండా ఫ్లెక్సీ. తొమ్మిది నల్ల కళ్ళజోళ్ళూ ఆమెవైపే చూస్తున్నాయి. బటన్ నొక్కింది.

సమావేశ మందిరంలో స్కేళ్ళు, టేపులు పెట్టి గంటన్నర సేపు పరిశీలించారు. మసక లేదు. నీడ లేదు. ఖాళీ లేదు. తలల్లో నూలుపోగంత తేడా లేదు. ఉపసంచాలకుల తల పెద్దదిగా రాలేదే అని ఒకరు సణిగారు గాని, కమిటీలో అందరూ సభ్యులుగా సమానమేనని భాగ్యవతి గారు నిబంధన చదివి వినిపించారు. సన్యాసమ్మ గుండె కుదుటపడబోయింది.

అంతలో పరాంకుశం గారు ఫోటోని మొహానికి దగ్గరగా పట్టుకున్నారు.

"ఇందులో అనధికార వ్యక్తి ఎవరో ఉన్నారు."

అందరూ వంగి చూశారు. ఆయన కళ్ళజోడు అద్దాల్లో కెమెరా పట్టుకున్న ఆడమనిషి ఒకతె కనిపిస్తోంది. పక్కవారి అద్దాల్లోనూ ఉంది. అందరి అద్దాల్లోనూ ఉంది.

"నానే బాబూ అది" అంది సన్యాసమ్మ.

"అధికారులం మేము తలా ఒక్కసారి ఉన్నాం. తాత్కాలిక ఉద్యోగిని పద్దెనిమిది సార్లు ఉంది! ఇది ఆఖరి అవకాశమని తెలుసు కదమ్మా?"

సన్యాసమ్మ మెడలోని టేపు తీసి చుట్టసాగింది. పిల్లలకి ఏం చెప్పాలి?

భాగ్యవతి గారు తన తల పెద్దదిగా వచ్చిన ఫోటోని ఇంట్లో దాచుకున్న మనిషి. ఆవిడ గొంతు సవరించుకున్నారు. "సార్, ఫోటోగ్రాఫరు ఫోటోలో పడకూడదని నిబంధన లేదు. ఉండాలనీ లేదు. ఇలాంటప్పుడు పూర్వోదాహరణ చూడాలి. శాఖ ఆమోదించిన ఫోటోలో ఇదివరకు ఎప్పుడైనా ఇలా జరిగి ఉంటే ఈమెకి వర్తిస్తుంది."

"ఎక్కడుంది అలాంటిది? మీరందరూ పెట్టుకున్నది ఈ నెలలోనే. అంతకుముందు నల్ల కళ్ళజోడు పెట్టుకున్నది నేనొక్కణ్ణే" అన్నారు పరాంకుశం గారు.

సన్యాసమ్మ తలెత్తి గోడవైపు చూసింది. ఆరడుగుల ఫోటో ఎదురుగా ఉంది. ఆరు నెలలుగా దాని కిందనుంచే నడిచింది గాని ఎప్పుడూ నిలబడి చూడలేదు. మొగుడు చచ్చిపోతూ తీసిన బొమ్మని ఎవరు చూడగలరు? పైగా అధికారుల కళ్ళలోకి చూసే అలవాటు ఆమెకి లేదు.

కుర్చీ జరుపుకుని పైకెక్కింది. "మాస్టారూ, ఆ బూతద్దం ఒకపాలి ఇలగివ్వండి."

ఫోటోలో పరాంకుశం గారి కళ్ళజోడు ఎడమ అద్దం రూపాయి బిళ్ళంత ఉంది. ఆమె భూతద్దం దానికి దగ్గరగా పెట్టి, కదలకుండా చాలాసేపు నిలబడింది. దిగేటప్పుడు మాస్టారు చెయ్యి పట్టుకుని దింపాల్సి వచ్చింది.

"ఉన్నాది బాబూ పూర్వోదాహరణ. సూడండి."

ఒకరి తర్వాత ఒకరు కుర్చీ ఎక్కి చూశారు. వేలి గోరంత తవిటినాయుడు అందులో ఉన్నాడు. భుజాన సంచీ ఉంది, తల కెమెరా మీదికి వంగి ఉంది. ఎడమకాలు నేలనుంచి లేచి వెనక్కి పడబోతోంది. ఆ కాలి వెనక జానెడు అరుగు, అరుగు వెనక తెల్లగా మెరిసే కాలువ. అద్దం బయట, అదే ఫోటోలో పైకెత్తి ఉన్న పరాంకుశం గారి అరచెయ్యి తవిటినాయుడి వైపే తిరిగి, వెనక్కి, ఇంకొంచెం వెనక్కి అంటోంది. ఆ రోజు అక్కడ ప్రజలెవరూ లేరన్న సంగతి తొమ్మిదిమందికీ ఒకేసారి గుర్తొచ్చింది.

భాగ్యవతి గారు విచారణ నివేదికలో "ఎవరూ గమనించే అవకాశం లేదు" అన్న వాక్యాన్ని టైపు చేసింది తనేనని నెమ్మదిగా, ఎవరితోనూ కానట్టు అన్నారు.

పరాంకుశం గారు కుర్చీ ఎక్కలేదు.

"పూర్వోదాహరణ ఉన్నందున" అన్నారు, "అభ్యర్థిని ఉత్తీర్ణురాలైనట్టు ప్రకటించడమైనది." సంతకం పెట్టడానికి ఆయనకి మూడు కలాలు పట్టాయి.

సన్యాసమ్మకి ఆ క్షణాన ఆ కలం లాక్కుని అడగాలనిపించింది. కనిపిస్తూనే ఉంది కదా, ఒక్క మాట, ఆగు అన్న ఒక్క మాట, ఎందుకు అనలేదని. ఉత్తర్వు కాగితం చేతికొచ్చింది. ఇద్దరు పిల్లలు గుర్తొచ్చారు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

ఆ సాయంత్రమే రెండు ఆదేశాలు వెలువడ్డాయి. నల్ల కళ్ళజోళ్ళు తక్షణం వాపసు చేయవలెను. గోడ మీది ఫోటోను మరమ్మతుల నిమిత్తం గోదాముకి తరలించవలెను. మాస్టారు తవిటినాయుడి కెమెరా కార్డులోంచి ఆ ఒక్క అద్దాన్ని పళ్ళెమంత చేసి ఆమెకి ఇచ్చాడు. ఇప్పుడు వాళ్ళింట్లో గుండ్రముద్ర బొమ్మ లేదు. ఆ నల్ల కళ్ళజోడు అద్దం బొమ్మకి బంతిపూల దండ వేలాడుతుంటుంది.

"కళ్ళజోడుకి దండేటే సన్యాసీ?" అని జాకెట్ల కోసం వచ్చినవాళ్ళు అడుగుతారు.

"దగ్గరకెల్లి సూడండి. మా ఆయన పనిలో ఉన్నారు" అంటుంది.

కొత్త ఉద్యోగంలో ఆమెకి పడిన మొదటి డ్యూటీ కాలువ రెండో దశ ప్రారంభోత్సవం. అదే అరుగు. అంచుకి కమ్మీలు వేసే పని ఇంకా టెండరు దశలో ఉంది. తొమ్మిదిమందీ నిలబడ్డారు. చివర ఇద్దరు ఫ్రేములోకి రావడం లేదు.

"ఇంకొంచెం వెనక్కి వెళ్ళమ్మా" అన్నారెవరో.

సన్యాసమ్మ కెమెరా దించలేదు. రెండు కాళ్ళూ నేలకి తన్నిపెట్టి నిలబడింది.

"నాను ఎనక్కి ఎల్లనండి. మీరే దగ్గరగా సర్దుకోండి."

ఇలాంటి సందర్భానికి ఉత్తర్వు లేకపోవడంతో కాసేపు ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. చివరికి భాగ్యవతి గారు పక్కకి జరిగారు. ఆవిణ్ణి చూసి మిగతావాళ్ళు భుజాలు తగిలేలా ఒదిగారు. తొమ్మిదిమందీ ఫ్రేములో పట్టారు.

"ఇటు సూడండి బాబూ" అంది సన్యాసమ్మ.

ఎనిమిదిమంది చూశారు. పరాంకుశం గారు కళ్ళజోడు లేని మొహంతో ఒకసారి ప్రయత్నించి, చూపు కాళ్ళ మీదికి దించుకున్నారు. ఆమె చాలాసేపు ఆగింది. ఆయన తలెత్తలేదు. బటన్ నొక్కింది.

ఆ ఫోటోని కమిటీ ఎలాంటి అభ్యంతరం లేకుండా ఆమోదించింది. తలదించుకున్న అధికారి గురించి నిబంధనల్లో ఎక్కడా లేదు.